తెల్ల చీటీ సంచులు

మా వ్యాపారంలో "అన్నీ" అనే మాట నోట రాకూడదు. నాకు పదిహేనేళ్ళప్పుడు మా నాన్న చెప్పాడు. "ఎన్ని సంచులో చెప్పు, ఏ వరసలోవో చెప్పు, ఏ చీటీవో చెప్పు. అన్నీ అని మాత్రం అనకు. విత్తన వ్యాపారి అన్నీ అమ్మేస్తే మరుసటేడు వాడు వ్యాపారి కాదు." ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట మీద నిలబడ్డాను. 2020 డిసెంబరు ఇరవై తొమ్మిదో తేదీ మధ్యాహ్నం రెండున్నరకు, ఈబెన్ ఎస్ప్లిన్ షెడ్డులో, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మనిషితో, "కెర్స్ పింక్ అన్నీ ఎక్కించెయ్" అన్నాను.

తినే బంగాళాదుంపల వ్యాపారం వేరు, విత్తన దుంపల వ్యాపారం వేరు. తినే దుంపకు ఈ ఏడు నాటితే ఈ ఏడే లెక్క తేలిపోతుంది. విత్తన దుంప అలా కాదు. ప్రయోగశాలలో పుట్టిన గోళీకాయంత దుంపను మొదటి ఏడు నాటితే, రెండో ఏటికి సంచులు, మూడో ఏటికి గదెడు, నాలుగో ఏటికి షెడ్డెడు అవుతుంది. ఆ షెడ్డెడులోంచి మేలైన భాగాన్ని మళ్ళీ నాటడానికి ఆపుకుంటాం. దాన్ని తల్లి విత్తనం అంటాం. దాని సంచి మూతికి తెల్ల చీటీ కుడతారు. రైతుకు అమ్మేదానికి నీలం చీటీ. తెల్ల చీటీ సంచులను షెడ్డులో చల్లగా ఉండే ఉత్తరం గోడకు ఆనించి పెడతాం. మా ఆంగస్ ప్రాంతంలో ఏ షెడ్డుకు వెళ్ళినా ఇదే పద్ధతి.

కెర్స్ పింక్ మా స్కాట్లండ్‌లో పుట్టిన రకమే. కాని మావాళ్ళు తినరు. ఉడికిస్తే పువ్వులా విచ్చుకుని పిండిపిండిగా అయిపోతుంది. మావాళ్ళకు నూనెలో నిలిచే గట్టి దుంప కావాలి. ఐర్లండ్‌లో, అందులోనూ డొనెగాల్‌లో, అది లేకపోతే భోజనం చేసినట్టు కాదు. అందుకని ఇక్కడ ఈబెన్ పండించేవాడు, మధ్యలో నేను కొని పంపేవాణ్ణి, అక్కడ ఫీలిమ్ గిల్‌డే రైతులకు అమ్మేవాడు. ఇరవై రెండేళ్ళు ఒక్క ఏడు తప్పలేదు. లారీ ఓడెక్కి, ఓడ దిగి, సాయంత్రానికి ఫీలిమ్ గోడౌన్ ముందు ఆగేది. అడ్డుకుని అడిగినవాడు లేడు. రెండు దేశాలూ ఒకే కూటమిలో ఉండేవి.

మా బ్రిటన్ ఆ కూటమి వదిలి వెళ్ళిపోతోందని నాలుగేళ్ళుగా వింటూనే ఉన్నాం. చివరికి క్రిస్మస్ వారంలో కబురొచ్చింది. జనవరి ఒకటి నుంచి తినే దుంపలు కాగితాలతో పంపుకోవచ్చు, విత్తన దుంపలు మాత్రం అసలు రానివ్వరట. ఒక్క సంచి కూడా.

అప్పటికి ఫీలిమ్‌కు పంపాల్సినవి మూడు లారీలున్నాయి. చేతిలో రెండు రోజులు. డ్రైవర్లు పండక్కి వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు రెట్టింపు అడిగారు. ఓడలో చోటు కోసం తెల్లారుజామున లేచి ఫోన్లు చేశాను. ఆ హడావిడిలో మూడో లారీకి పన్నెండు టన్నులు తక్కువ పడుతున్నట్టనిపించింది. ఈబెన్ భోజనానికి ఇంట్లోకి వెళ్ళాడు. నేను ఆ మాట అన్నాను. లారీ నిండింది. గేటు దాటింది. పెద్ద బరువు దిగిందనుకుని ఇంటికెళ్ళి పడుకున్నాను.

జనవరి ఒకటో తేదీ పొద్దున నాకొచ్చిన మొదటి ఫోను ఈబెన్ దగ్గర్నుంచి.

"ఒరేయ్ ఇన్నిస్, ఉత్తరం గోడ ఖాళీగా ఉందేమిట్రా?"

"ఖాళీగా ఎందుకుంటుంది?"

"నన్నడుగుతావేం? థర్మామీటర్ చూద్దామని వచ్చా. థర్మామీటర్ ఉంది. దాని కింద దుంపల్లేవు."

నాకు వెంటనే అర్థమైంది. అయినా మనిషి బుద్ధి చూడండి, "దక్షిణం గోడ చూశావా?" అన్నాను.

"నాకు డెబ్బయ్యేళ్ళు. ఏ గోడ ఏదో తెలుసు."

పన్నెండు టన్నులు. పన్నెండు తెల్ల చీటీ సంచులు, సంచి టన్ను. గోళీకాయ నుంచి మూడేళ్ళు పెంచిన సరుకు. ఏప్రిల్‌లో దాన్ని నాటాలి. నాటకపోతే మళ్ళీ ప్రయోగశాల గుమ్మం దగ్గర్నుంచి మొదలు. అంటే నాలుగేళ్ళు. డెబ్బయ్యేళ్ళ మనిషికి నాలుగేళ్ళు ఎంతో, బేరం లేని రకానికి నాలుగేళ్ళు ఎంతో నాకు వేళ్ళ మీద లెక్క వేయనక్కర్లేదు. ఆ చుట్టుపక్కల కెర్స్ పింక్ తల్లి విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. అది ఈబెన్ షెడ్డులో ఆగిపోతే ఆగిపోయినట్టే.

ఫీలిమ్‌కు ఫోన్ చేశాను.

"నూతన సంవత్సర శుభాకాంక్షలు దొరగారూ!" అన్నాడు. "ఇవాళ్టి నుంచి తమరు పరదేశీయులు. మాట్లాడొచ్చో లేదో కనుక్కునే ఫోన్ చేశారా?"

"ఫీలిమ్, మూడో లారీలో తెల్ల చీటీలు చూశావా?"

"చూశా. ఏంటబ్బా ఈసారి చేతికి ఎముక లేకుండా పంపాడు, పోతూ పోతూ కానుకిచ్చాడేమో అనుకున్నా."

"కానుక కాదు. నా బుర్రతక్కువతనం. ఒక్క సంచి కూడా అమ్మకు."

"పండగపూట ఎవడు కొంటాడు? పన్నెండూ అలానే ఉన్నాయి. లారీ పంపు, ఎక్కిస్తా."

నాకు ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికే లారీ మాట్లాడాను. అయితే లారీ బయల్దేరే ముందు మోర్వెన్‌ను అడగడం మంచిదనిపించింది. మోర్వెన్ మా ప్రాంతపు విత్తన ఇన్‌స్పెక్టర్. పదకొండేళ్ళుగా ఈబెన్ పొలంలో సాలు సాలూ నడిచి చూసే మనిషి. ఆమె సోమవారం పొద్దున షెడ్డు దగ్గరకొచ్చింది. కరోనా రోజులు. మాస్కు వేసుకుని ఆరడుగుల దూరంలో నిలబడింది. చెప్పినదంతా వింది.

"అవి వెళ్ళిన రోజున ఐర్లండ్ మనకి పరదేశం కాదు," అంది. "కాబట్టి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఎవరూ అడగలేదు, మీరూ తీసుకోలేదు. ఇప్పుడు తిరిగి రావాలంటే పరదేశం నుంచి వస్తున్నట్టు లెక్క. అక్కడి ఇన్‌స్పెక్టర్ ధ్రువపత్రం రాయాలి. తన దేశంలో పండని సరుక్కి రాయాలంటే, పండిన దేశం నుంచి దాంతోపాటు వచ్చిన ధ్రువపత్రం ఏదీ అంటాడు."

"అది లేదుగా," అన్నాడు ఈబెన్.

"లేదు."

"ఎందుకు లేదంటే అప్పుడు అక్కర్లేదు."

"అక్కర్లేదు."

"అంటే, పోయేటప్పుడు కాగితం అడగలేదు గనక, రావడానికి కాగితం లేదు."

"అంతే."

ఈబెన్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "అయితే నువ్వే పాత తేదీ వేసి ఒకటి రాసివ్వమ్మా. నీకు తెలియని పొలమా? నీకు తెలియని దుంపలా?"

"ఈబెన్, నీ పొలంలో తెగులు మొక్క కనబడితే ఏనాడైనా లేనట్టు రాశానా?"

"రాయలేదు. ఒకసారి బతిమాలా కూడా."

"గుర్తుంది. టీ కూడా ఇచ్చావు."

"రెండు కప్పులు," అన్నాడు ఈబెన్.

నేను అడిగాను. "మన రూల్సూ వాళ్ళ రూల్సూ ఒకటే కదా మోర్వెన్? నిన్నటిదాకా ఒకే పుస్తకం కదా?"

"ఇవాళ్టికీ ఒకటే. అక్షరం తేడా లేదు. రేపు కూడా అలాగే ఉంచుతామని మనవాళ్ళు మాటివ్వలేదు. మాటివ్వని దేశం నుంచి వాళ్ళు విత్తనం తీసుకోరు. తెగులు ఉందని కాదు. రేపు వస్తే ఎవరు జవాబుదారీ అని."

అందులో తప్పు పట్టడానికి నాకేం కనిపించలేదు. నేనైనా అంతే. సరుకు బాగున్నా, రేపు కూడా ఇలాగే ఇస్తానని మాటివ్వని వాడి దగ్గర నేను సంచి కొనను. తమాషా ఏమిటంటే, నలభై ఏళ్ళుగా మేం ఈజిప్టుకు విత్తనం పంపుతున్నాం. వాళ్ళ కాగితాలు ఎప్పుడూ బండెడు. ఏనాడూ గొడవ లేదు. మేం వాళ్ళకు పరాయివాళ్ళమని మొదటి రోజు నుంచీ ఇద్దరికీ తెలుసు. పక్కింటివాడు పరాయివాడైనప్పుడే చిక్కు. ఏ కాగితం కావాలో అతనికీ తెలియదు, మనకూ తెలియదు.

నెల రోజులు రెండు వైపులా ఆఫీసులకు ఫోన్లు చేశాను. అందరూ మర్యాదగానే మాట్లాడారు. ఒకాయన, "ఇలాంటిది ఇంతకుముందు రాలేదండీ," అన్నాడు. ఎలా వస్తుంది, ఇంతకుముందు ఎవరూ కూటమి వదిలి రాలేదు. ఇంకొకామె రాతపూర్వకంగా అడగమంది. అడిగాను. జవాబు రాసే ఫారం ఇంకా తయారు కాలేదని జవాబొచ్చింది.

ఫిబ్రవరి మధ్యలో ఫీలిమ్ ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, నాకో గుర్రం ఉంది తెలుసుగా?"

"ఆ కుంటిదా?"

"కుంటిదే. దాన్ని బండిలో ఎక్కిస్తా. అడుగున రెండు సంచులు, పైన గడ్డి, దాని పైన గుర్రం. మా సరిహద్దు దాటితే మీ బ్రిటన్‌వాళ్ళ ఉత్తర ఐర్లండ్, అక్కడ ఆపేవాడు లేడు. అక్కణ్ణుంచి మీ ఓడ. గుర్రాన్ని చూస్తారు గాని గుర్రం కింద ఎవడు చూస్తాడు?"

"పన్నెండు టన్నులంటే ఆరు సార్లు తిరగాలి."

"తిరుగుతా."

"ఆరు సార్లు ఒకే కుంటి గుర్రం పందేలకు వెళ్ళొస్తుంటే, ఏ పందెమయ్యా అని ఓడ ఊడ్చేవాడైనా అడుగుతాడు."

నవ్వి పెట్టేశాడు. నేను అక్కడితో మర్చిపోయాను. రెండు రోజుల తర్వాత ఈబెన్ భార్య ఎల్స్‌పెత్ ఫోన్ చేసింది. "ఇన్నిస్, మీ పెద్దాయన ట్రాక్టర్ ట్రెయిలర్ వదిలేసి పొరుగాయన గుర్రాల బండి అడిగి తెచ్చాడు. కారుకి తగిలిస్తున్నాడు. మనకి గుర్రం లేదు."

ఫీలిమ్ ఆయనకు కూడా ఫోన్ చేశాడన్నమాట.

నేను వెళ్ళేసరికి ఈబెన్ బండి టైర్లలో గాలి చూస్తున్నాడు. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"ఆపడానికొస్తే వెళ్ళిపో. తప్పు నీది, తిప్పలు నావి."

"తప్పు నాదే," అన్నాను. "ఆపడానికి రాలేదు. ఒక్కటి అడిగి పోతా. తెచ్చావనుకో. ఏప్రిల్‌లో నాటావనుకో. జూన్‌లో మోర్వెన్ పొలానికొస్తుంది. ఏ విత్తనం నాటావు, చీటీ నంబరు చెప్పు అంటుంది. ఏ నంబరు చెబుతావు?"

"చీటీ మీద ఉన్న నంబరే. అది నా నంబరే కదా."

"ఆ పన్నెండు నంబర్లూ ఐర్లండ్ వెళ్ళినట్టు డిసెంబరు ఇరవై తొమ్మిదిన రాసుంది. నేనే సంతకం పెట్టా. వెళ్ళిన నంబరు ఇక్కడ మొలిస్తే ఆమె ఏమంటుంది?"

ఈబెన్ గాలి చూడటం ఆపాడు.

"నంబరు లేకుండా నాటితే?" అన్నాడు.

"మొలుస్తుంది. బాగా పండుతుంది. పండింది తినే దుంప. విత్తనం కాదు. చీటీ రాదు. నీ మూడేళ్ళూ సరిహద్దు అవతలే ఉండిపోతాయి, ఇవతలికి వచ్చేది కూర."

ఆయన చాలాసేపు బండి పక్కనే కూర్చున్నాడు. దొంగచాటుగా తేవడం తప్పని నేను చెప్పలేదు. చెబితే వినేవాడు కాదు. లాభం లేదని చెప్పాను. విత్తన రైతు అందరికంటే ముందు అర్థం చేసుకునేది అదే. పొలంలో మొక్క ఎంత బాగున్నా నంబరు పోతే విత్తనం పోయినట్టే. చీకటి పడకముందే బండి విప్పి పొరుగాయనకు ఇచ్చొచ్చాడు.

అప్పుడు నేను నా లెక్క మొదలుపెట్టాను.

దుంప రాలేదు. కాగితం రాదు. అక్కడి నంబరు అక్కడ మాత్రం బతికే ఉంది. డిసెంబరులో చట్టప్రకారం వెళ్ళిన విత్తనం అది. ఐర్లండ్‌లో నాటితే, అక్కడి ఇన్‌స్పెక్టర్ చూసి, అక్కడి చీటీ ఇస్తాడు. పైగా మేం ఆగిపోవడంతో వాళ్ళ వ్యవసాయ శాఖ, విత్తనం మన గడ్డ మీదే పండించండి అని రైతులను పోరుతోంది. ఒకప్పుడు డొనెగాల్ నిండా విత్తనపు పొలాలే. మా సరుకు చవకగా రావడంతో వాళ్ళు మానేశారు. గాలి బాగా కొట్టే నేల. తెగులు మోసే పేనుబంక పురుగు నిలవదు. అన్నీ ఉన్నాయి, ఒక్క మనిషి తప్ప. ఫీలిమ్‌కు అమ్మడం తెలుసు. పొలంలో కేళీలు ఏరడం తెలియదు.

కేళీలంటే వేరే రకంవీ, తెగులు తగిలినవీ. విత్తనపు పొలంలో వేసవి నెలల్లో సాలు సాలూ నడిచి, అలాంటి మొక్క కనబడితే దుంపలతో సహా పెకలించి సంచిలో వేసుకుని బయటికి తేవాలి. చదివితే వచ్చే విద్య కాదు. పచ్చటి పొలంలో పచ్చదనం ఒక ఇసుమంత తగ్గిన ఆకును ఇరవై అడుగుల దూరం నుంచి పట్టుకోవాలి. ఈబెన్ కన్ను లాంటి కన్ను మా జిల్లాలో ఇంకోటి లేదు. దుంప సరిహద్దు దాటకూడదు. మనిషి దాటొచ్చు. బ్రిటన్‌వాళ్ళూ ఐర్లండ్‌వాళ్ళూ ఒకరి దేశంలో ఒకరు పని చేసుకోవడానికి కూటమితో పని లేదు, ఆ ఒప్పందం దానికంటే పాతది.

ఈబెన్‌తో చెప్పాను. మంచి టీ పోయించుకుని, సగం తాగాక చెప్పాను.

"అంటే ఐర్లండ్ వెళ్ళి, నా పొట్ట ఎలా కొట్టాలో వాళ్ళకి నేర్పిరావాలి. అంతేనా?"

"నీదొక్కటే కాదు, నాదీ. వాళ్ళు విత్తనం పండించుకోవడం నేర్చుకుంటే రేపు సరిహద్దు తెరిచినా మన దగ్గర కొనరు."

"తెలిసీ చెబుతున్నావు."

"తెలిసే. మనం నేర్పకపోతే హాలండ్‌వాళ్ళు నేర్పుతారు. వాళ్ళ రకాలు తెచ్చి నాటిస్తారు. అప్పుడు పొట్టా పోతుంది, కెర్స్ పింకూ పోతుంది."

"జూన్‌కల్లా తెరుస్తారట కదా? అందరూ అంటున్నారు."

"అందరూ అంటున్నారు. తెరవాల్సినవాడు అనలేదు."

ఎల్స్‌పెత్ గిన్నెలు కడుగుతూ, "ముప్పై ఏళ్ళుగా నన్ను సముద్రం దాటించలేదు. దుంపల కోసం దాటుతాడట," అంది.

"నువ్వు రా, ఎవరొద్దన్నారు?"

"ఎందుకూ, వానలో నీ వెనక సంచి మోయడానికా?"

ఒప్పుకున్నట్టే అయింది. ఫీలిమ్‌తో బేరం మూడు వారాలు సాగింది. ఈబెన్ ప్రయాణం, భోజనం, రోజుకింత కూలి. ఆ తల్లి విత్తనం నుంచి వచ్చి అమ్ముడైన ప్రతి టన్నుకు పదేళ్ళపాటు మా ఇద్దరికీ చిన్న వాటా. ఫీలిమ్ అయిదేళ్ళన్నాడు. నేను పదిహేనన్నాను. ఇద్దరికీ పది కావాలని ఇద్దరికీ తెలుసు, అయినా మూడు వారాలు పట్టింది. ఇరవై రెండేళ్ళలో ఫోన్ మాట మీదే వ్యాపారం చేశాం గాని, ఈసారి కాగితం రాసుకున్నాం. కాగితం లేకపోతే ఏమవుతుందో ఆ ఏడు మాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఏప్రిల్‌లో ఫీలిమ్ సముద్రం ఒడ్డున పన్నెండెకరాల్లో నాటాడు. ఇక్కడ ఈబెన్ కెర్స్ పింక్ వేసే చేలో ఈజిప్టువాళ్ళు అడిగే రకం వేశాడు.

జూన్ వచ్చింది, పోయింది. ఎవరూ తెరవలేదు. పైపెచ్చు అప్పటిదాకా వాళ్ళ విత్తనాన్ని ఇటు రానిచ్చిన మావాళ్ళు కూడా తలుపు వేసేశారు.

జూలై మూడో వారంలో నేనూ ఈబెన్ ఓడెక్కాం. జేబులో టీకా కార్డులు. బూట్లు మాత్రం ఈబెన్ కొత్తవి కొన్నాడు. పాత బూట్ల మట్టిలో మా పొలపు తెగులేదైనా ఉంటే ఆ పొలానికి అంటుకుంటుందని. ఆ సంగతి ఏ రూలూ అడగలేదు.

ఫీలిమ్ పొలం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, చేతులు బార్లా చాపాడు.

"రండి రండి. చూడండి ఎలా ఉందో! పచ్చగా, తివాచీలా!"

ఈబెన్ చేయి కలపలేదు. గేటు దాటి, మొదటి సాలులో నలభై అడుగులు నడిచి, వంగి ఒక మొక్క పీకాడు.

"అయ్యయ్యో, అది బాగానే ఉందిగా!" అన్నాడు ఫీలిమ్.

"పై ఆకు చూడు. అంచు ముడుచుకుంది."

"ఎండకేమో."

"ఎండా? మీ ఊళ్ళోనా?" ఈబెన్ మట్టిలో చేయి పెట్టి గోళీలంత దుంపలన్నీ వెతికి తీశాడు. "ఇవి కూడా తియ్యాలి. ఒక్కటి మిగిలినా వచ్చే ఏడు మొలుస్తుంది."

ఇంకో ముప్పై అడుగులకు ఇంకొకటి పీకాడు. ఫీలిమ్ నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "ఇలా అయితే పొలం మిగులుతుందా?" అన్నాడు.

"దీన్ని వారం చూద్దాం పెద్దాయనా," అన్నాడు మూడోదాని దగ్గర. ఈసారి బతిమాలినట్టే. "మరీ అనుమానంగా ఉంటే అప్పుడు పీకుదువుగాని."

"వారంలో పేనుబంక దీని మీంచి దాని పక్కదానికి పోతుంది. అప్పుడు నాలుగు పీకాలి. ఆపై వారం పదహారు. నువ్వు వ్యాపారివి కదా, లెక్క చెప్పు."

ఫీలిమ్ సంచి అందుకుని మూతి తెరిచి పట్టుకున్నాడు.

నాలుగు రోజులు నడిచారు. మొదటి రోజు ఈబెన్ పీకాడు, ఫీలిమ్ మోశాడు. రెండో రోజు ఫీలిమ్ చూపించడం మొదలుపెట్టాడు. చూపించిన ప్రతిదానికీ ఈబెన్, "కాదు. దానికి దాహం వేసింది," అనో, "కాదు. దాన్ని నువ్వే తొక్కావు," అనో అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం, వాన తుంపర్లలో, ఫీలిమ్ ఒక మొక్క ముందు ఆగి నిలబడిపోయాడు. ఈబెన్ వెనక్కి వచ్చి చూశాడు. నాకైతే ఏ తేడా కనబడలేదు. కాండం అడుగున, మట్టికి దగ్గరగా, సన్నటి నల్ల గీత ఉందట.

"నల్లకాడ తెగులు," అన్నాడు ఈబెన్. "నేను దీన్ని దాటేసి పోయా."

ఫీలిమ్ దాన్ని పీకి, మట్టిలో చేయి పెట్టి దుంపలన్నీ వెతికాడు. ఆ రాత్రి పబ్బులో అందరికీ చెప్పాడు. ఈబెన్ పొరపాటును కూడా కలిపి చెప్పాడు. ఈబెన్ కాదనలేదు.

మేం వచ్చేసిన వారానికి వాళ్ళ ఇన్‌స్పెక్టర్ పొలం చూశాడు. ఆగస్టులో మళ్ళీ చూశాడు. పన్నెండెకరాలూ పాసయ్యాయి.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మా పక్క లోయలో ఒకాయన, నాలాంటి ఇంకో వ్యాపారి మాట విని, జూన్‌కల్లా తెరుస్తారని నలభై ఎకరాలు ఐర్లండ్ రకమే వేశాడు. నవంబరులో అదంతా పశువులకు పోసేశారు. నేను ఆ రోజు సరైన మాట చెప్పి, తెల్ల చీటీ సంచులు ఉత్తరం గోడకే ఉండి ఉంటే, ఈబెన్‌వీ అక్కడికే పోయేవి. ఇది నా తెలివి కాదు. తప్పును తెలివిగా చెప్పుకునే వ్యాపారులను చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నాను.

నవంబరు చివర్లో మిగతా లెక్కలు చూసుకోవడానికి నేనొక్కణ్ణే డొనెగాల్ వెళ్ళాను. ఫీలిమ్ గోడౌన్‌లో సంచులు నిలబెట్టి ఉన్నాయి. ఏ గోడకు పెట్టాడా అని చూశాను. ఉత్తరం గోడకే. తెల్ల చీటీలు మూతికి కుట్టి ఉన్నాయి. బయల్దేరేటప్పుడు ఫీలిమ్ నాలుగు దుంపలు తెచ్చి నా కోటు జేబులో వేయబోయాడు.

"పెద్దాయనకి చూపించు."

"పచ్చి దుంప ఓడెక్కకూడదు."

"నాలుగేగదయ్యా!"

"పన్నెండు టన్నులకు ఎందుకు కూడదో నాలుగింటికీ అందుకే కూడదు."

ఫీలిమ్ భార్య గ్రానియా ఆ నాలుగూ నా జేబు దగ్గర్నుంచి లాక్కుని వంటింట్లోకి వెళ్ళింది. పావుగంటలో ఉడికించి, రేకు కాగితంలో చుట్టి తెచ్చింది. "ఇప్పుడు పట్టుకెళ్ళు. ఉడికినదానికి రూల్సు లేవుగా?"

లేవు. కనుక్కున్నాను.

మరునాడు మధ్యాహ్నం ఈబెన్ వంటింట్లో ఎల్స్‌పెత్ వాటిని వేడి చేసి, వెన్న పెట్టింది. గులాబీ రంగు తొక్కలు అక్కడక్కడా పగిలి లోపలి తెలుపు కనబడుతోంది. ఈబెన్ ఫోర్కుతో ఒకదాన్ని నొక్కాడు. పిండిలా విడిపోయింది.

"చీటీ మీద ఏం రాశారు?"

"తెల్ల చీటీయే. రకం, కెర్స్ పింక్. పండిన దేశం, ఐర్లండ్."

ఆయన ఒక ముక్క తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. మేం ఇద్దరం ఆయన మొహం చూస్తున్నాం.

"నీళ్ళు ఎక్కువ పోసి ఉడికించింది," అన్నాడు. తర్వాత ప్లేటు ఖాళీ చేసి, గోడకున్న క్యాలెండరు వైపు చూశాడు. "వచ్చే జూలైలో ఎప్పుడు రమ్మన్నాడు?"

"మూడో వారం."

"వారం ముందే వస్తానని చెప్పు. ఆ నల్లకాడ దగ్గర్లో ఇంకోటి ఉండాలి."